క్షిపణి దారి తప్పితే కబురందే దారేది?



2022 మార్చి 9 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో మన దేశం నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి, ఎవరూ ప్రయోగించమని చెప్పకుండానే, ఆకాశంలోకి లేచింది. సరిహద్దు దాటి పాకిస్తాన్ పంజాబులోకి 120 కిలోమీటర్లకు పైగా దూసుకెళ్లి మియా చన్నూ అనే ఊరి దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు కనుక ప్రాణాలు పోలేదు. మర్నాడు పాకిస్తాన్ సైన్యం ఈ సంగతి విలేకరులకు చెప్పింది. ఆ మర్నాడు, అంటే 11న, మన రక్షణ శాఖ ప్రకటన ఇచ్చింది: సాధారణ నిర్వహణ పనులు జరుగుతుండగా సాంకేతిక లోపం వల్ల పొరపాటున వెళ్లిపోయింది, చింతిస్తున్నాం అని. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగాల నుంచి తొలగించారు. పత్రికలు రెండు రోజులు రాసి ఊరుకున్నాయి. మనమూ మరిచిపోయాం.

మరిచిపోదగ్గ విషయం కాదది. పాకిస్తాన్ గగనతలంలో ఆ క్షిపణి ఉన్నది నాలుగు నిమిషాల లోపే. ఆ కొద్దిసేపట్లో అవతలి రాడార్ ముందు కూర్చున్న అధికారికి కనిపించేది కదిలే చుక్క ఒక్కటే. దాని ముక్కులో ఏముందో ఆ చుక్క చెప్పదు. తమ బాబర్ క్రూయిజ్ క్షిపణి అణుబాంబును మోయగలదని పాకిస్తానే చెప్పుకుంటోంది. తమ చేతిలో ఉన్నది ఎదుటివాడి చేతిలోనూ ఉంటుందని అనుమానించడం సైనికుడి వృత్తి ధర్మం. ఆ రోజు సరిహద్దు ప్రశాంతంగా ఉంది. అదే పొరపాటు 2025 మేలో, రెండు వైపుల నుంచీ క్షిపణులు, డ్రోన్లు ఎగురుతున్న ఆ నాలుగు రోజుల్లో జరిగి ఉంటే?

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. క్షిపణి దారి తప్పిన మరుక్షణం ఎదుటి దేశానికి చెప్పి తీరాలనే ఒప్పందం భారత్, పాకిస్తాన్‌ల మధ్య కుదరాలి. ఇంత చిన్న కోరిక కోసం ఇంత పెద్ద కరపత్రం ఎందుకంటారా? పొరపాటు ఎంత చిన్నదైనా, దాని వెనకాల వచ్చేది ఏమిటో చూడండి.

టీవీ చర్చల్లో "ఒక్కటి వేస్తే దారికొస్తారు" అని గొంతు చించుకునేవాళ్లను వింటుంటే ఆ "ఒక్కటి" గురించి వాళ్లకు ఎవరైనా చెప్పారా అని గుండె మండుతుంది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు హిరోషిమా మీద పడ్డ బాంబులో దాదాపు 64 కిలోల యురేనియం ఉంది. అందులో నిజంగా విచ్ఛిత్తి చెందింది ఒక కిలో కన్నా తక్కువే. ఆ కాస్త పదార్థమే 15,000 టన్నుల టీఎన్‌టీతో సమానంగా పేలింది. నేలకు 600 మీటర్ల ఎత్తున పేలితే కింద నేల మీద వేడి మూడు నాలుగు వేల డిగ్రీలకు చేరింది. ఆ ఉదయం బడిపిల్లలు వేల సంఖ్యలో నగరం నడిబొడ్డున ఉన్నారు. బాంబు దాడుల్లో మంటలు ఒక వీధి నుంచి ఇంకో వీధికి పాకకుండా ఇళ్లను కూల్చి ఖాళీ జాగాలు చేసే పనికి ప్రభుత్వం వాళ్లను పిలిపించింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. అలా పనికి వెళ్లినవాళ్లలో దాదాపు ఆరు వేల మంది చనిపోయారు. వాళ్లలో ఒకడి అన్నం డబ్బా ఇప్పటికీ హిరోషిమా మ్యూజియంలో ఉంది. శవాల మధ్య వెతుక్కుంటూ వెళ్లిన తల్లికి కొడుకు దేహం కింద దొరికిన డబ్బా అది. పొద్దున తను సర్ది ఇచ్చిన అన్నం మెతుకు ముట్టకుండానే బొగ్గయిపోయింది.

ఆ క్షణంలో చావనివాళ్లకూ బాంబు అంతటితో అయిపోలేదు. ఒంటి మీద గాయమైనా లేనివాళ్లకు రెండు మూడు వారాల తర్వాత జుట్టు ఊడింది, చిగుళ్ల నుంచి రక్తం కారింది, చర్మం మీద ఊదా రంగు మచ్చలు లేచాయి. వాళ్లలో ఎందరో చనిపోయారు. ఏమి జబ్బో డాక్టర్లకు అంతుపట్టలేదు. అసలు డాక్టర్లే మిగల్లేదు. నగరంలోని డాక్టర్లు, నర్సుల్లో తొంభై శాతానికి పైగా చనిపోయారు, లేదా గాయపడ్డారు. ఆ ఏడాది చివరికి మృతుల సంఖ్య లక్షా 40 వేలకు చేరిందని అంచనా. ఆగస్టు 9న నాగసాకి మీద పడ్డ బాంబుకు మరో 70 వేల మందికి పైగా బలయ్యారు. నిజానికి ఆ రోజు బాంబు వేయాల్సింది కొకురా అనే నగరం మీద. అక్కడ కింద ఏమీ సరిగా కనబడకపోవడంతో విమానం నాగసాకి వైపు తిరిగింది. ఒక ఊరు బతకడం, ఇంకో ఊరు చావడం ఆకాశం తేటగా ఉందా లేదా అనే దాని మీద తేలిపోయింది.

ఇదంతా ఇప్పటి లెక్కలో చిన్న బాంబు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో పరీక్షించిన హైడ్రోజన్ బాంబు హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లు. దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్తలు వేసుకున్న లెక్కకు రెండున్నర రెట్లు ఎక్కువ పేలింది. ఆ పేలుడు బూడిద దూరాన చేపలు పట్టుకుంటున్న జపాను పడవ మీద కురిసి 23 మంది జాలర్లు జబ్బుపడ్డారు. వాళ్లలో రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. తాము చేసిన బాంబు ఎంత పేలుతుందో దాన్ని చేసినవాళ్లకే తెలియలేదు!

విశాఖ వాసులకు ఈ మాటలు మరీ దగ్గరివి. మన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్‌ను కట్టింది ఇక్కడే, 2009 జులై 26న కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపింది ఇక్కడే. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు ముంగిటే. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరం శత్రువు పటంలో ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రోడ్ల మీద స్పృహ తప్పి పడిపోయిన జనాన్ని మనం కళ్లారా చూశాం. ఆ రోజు కేజీహెచ్ ఆసుపత్రి నిలబడే ఉంది. అంబులెన్సులు తిరిగాయి, ఫోన్లు మోగాయి, పక్క ఊళ్ల నుంచి సాయం వచ్చింది. అణుబాంబు పడ్డ ఊళ్లో వీటిలో ఏదీ మిగలదు.

పోనీ బాంబు ఢిల్లీ మీదో లాహోర్ మీదో పడింది, మనం దూరంగా ఉన్నామనుకుందామా? వాతావరణ శాస్త్రవేత్తలు ఈ లెక్క కూడా కట్టారు. రెండు దేశాలూ కలిసి హిరోషిమా అంతటి బాంబులు వంద వేసుకుంటే కాలే నగరాల నుంచి 50 లక్షల టన్నుల మసి పైకి లేస్తుంది. అది వానకు తడిసి కిందికి రాదు, మేఘాలకన్నా పైకి పోయి ఏళ్ల తరబడి ఎండను అడ్డుకుంటుంది. చలి పెరుగుతుంది, వానలు తగ్గుతాయి, పంటలు పండవు. ఆ ఆకలికి ప్రపంచంలో దాదాపు 25 కోట్ల మంది చనిపోవచ్చునని 2022లో వెలువడిన అధ్యయనం అంచనా. ఇంకా పెద్ద బాంబులు, ఎక్కువ సంఖ్యలో వాడితే ఆ లెక్క 200 కోట్లు దాటుతుంది. ఆ రెండూ భారత్–పాకిస్తాన్ యుద్ధం లెక్కలే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నారు పోసే రైతుకు వర్షం రెండు వారాలు ఆలస్యమైతేనే ఏమవుతుందో తెలుసు. సరైన ఎండే లేని ఏళ్లు వరసగా వస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ వివరించక్కర్లేదు.

"మన దగ్గర బాంబు ఉంది కాబట్టే శత్రువు భయపడుతున్నాడు" అని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో దేశాన్ని ప్రేమించే సైనిక కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లతో ఇక్కడ వాదానికి దిగడం లేదు. ఒక్క మాట మాత్రం ఆలోచించమంటున్నాం. భయం మనిషిని ఆపగలదేమో గానీ చెడిపోయిన యంత్రాన్ని ఆపలేదు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని గంట మోగించింది. డ్యూటీలో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు హెచ్చరిక అయి ఉంటుందని నమ్మి, పైవాళ్లకు అలాగే చెప్పాడు. మేఘాల మీద పడి మెరిసిన ఎండను యంత్రం క్షిపణులనుకుందని తర్వాత తేలింది. 1995 జనవరి 25న నార్వే శాస్త్రవేత్తలు పరిశోధన రాకెట్ పంపితే రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు అణు మీటల పెట్టె తెరిచారు. విచిత్రం ఏమిటంటే నార్వే ఆ ప్రయోగం సంగతి ముందే తెలియజేసింది. ఆ కబురు రాడార్ దగ్గరున్నవాళ్లకు చేరలేదు. మాస్కో, వాషింగ్టన్ల మధ్య దూరం వల్ల వాళ్లకు అరగంట వ్యవధి ఉండేది. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్నది నిమిషాలే.

పాకిస్తాన్‌తో ఒప్పందమా, వాళ్లను నమ్మేదెలా అంటారు కొందరు. జరుగుతున్నదే చూడండి. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న రెండు దేశాలూ సంతకాలు చేశాయి. దాని ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాత ఆగలేదు. ముంబయి దాడుల తర్వాత ఆగలేదు. 2025 మే పోరు జరిగాక కూడా 2026 జనవరి 1న జాబితాలు చేతులు మారాయి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ముందే చెప్పుకోవాలని 2005లో మరో ఒప్పందం కుదిరింది. అందులో క్రూయిజ్ క్షిపణులు లేవు. మియా చన్నూలో పడ్డది క్రూయిజ్ క్షిపణి! ఇక సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల మధ్య హాట్‌లైన్ ఉంది. 2025 మే 10న కాల్పులు ఆగింది ఆ ఫోను ద్వారానే. ఫోను ఉంది, పని చేస్తుందని రుజువైంది. ఫలానా సందర్భంలో ఇన్ని నిమిషాల్లో ఎత్తి తీరాలనే నిబంధన లేదు. అది కావాలి.

2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చాలి. పొరపాటున ఏ క్షిపణి వెళ్లినా వెంటనే, దాని రకం, దారి, అందులో పేలుడు పదార్థం ఉందా లేదా అనే వివరాలతో హాట్‌లైన్‌లో చెప్పడం రెండు దేశాలకూ విధి కావాలి. తర్వాత విచారణ ఫలితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. దీని కోసం మన ఆయుధం ఒక్కటి కూడా పక్కన పెట్టక్కర్లేదు, ఒక్క రహస్యమూ బయట పెట్టక్కర్లేదు. అణ్వాయుధాలను ముందుగా వాడబోమని 2003లో ప్రకటించిన దేశం మనది. 1988లో ఐక్యరాజ్యసమితిలో ప్రపంచం మొత్తం అణ్వాయుధాలు వదిలేయాలని ప్రణాళిక పెట్టిన దేశమూ మనదే. ఆ ఆయుధాలన్నీ పోయే రోజు రావాలని ఈ కరపత్రం రాసినవాళ్లు మనసారా కోరుకుంటున్నారు. ఆ రోజు వచ్చేదాకా ఒక సాంకేతిక లోపానికి కోట్ల ప్రాణాలు తాకట్టులో ఉండటానికి మాత్రం ఒప్పుకోం.

మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. మీ ఎంపీకి ఉత్తరం రాయండి. పార్లమెంటు ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక సమావేశాలు మొదలయ్యే దాకా ఆగకండి. ప్రశ్న ఇది: "2022 మార్చి 9 ఘటన తర్వాత క్రూయిజ్ క్షిపణులను 2005 ఒప్పందం పరిధిలోకి తేవడానికి ప్రభుత్వం పాకిస్తాన్‌తో ఏమైనా సంప్రదింపులు జరిపిందా? జరిపితే ఎంతవరకు వచ్చాయి? లేకపోతే కారణమేమిటి?" రైతు సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, డాక్టర్లు, విద్యార్థులు విడివిడిగా రాయండి, సంతకం కింద ఊరి పేరు ఉండాలి. జవాబు వస్తే ఊరి గ్రంథాలయంలో, పంచాయతీ ఆఫీసులో అందరూ చదివేలా అంటించండి. రాకపోతే వచ్చే సమావేశాలకు అదే ప్రశ్న మళ్లీ పంపించండి.