ఒరిగిన పాకే మంచిది



గత డిసెంబరులో నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. మూడో తరగతి పిల్లలకు 'తినగలిగే క్రిస్మస్ పాక' ప్రాజెక్ట్ ఇచ్చాను. బిస్కెట్లతో పశువుల పాక, అందులో మరియ, యోసేపు, తొట్టిలో బాల యేసు. ఇంటిల్లిపాదీ కలిసి చేయాలి, మంచిదానికి బహుమతి ఉంటుంది అన్నాను.

ఒక బాబు తెచ్చిన పాక బేకరీ అద్దాల అరలో పెట్టేంత అందంగా ఉంది. మొదటి బహుమతి దానికే ఇచ్చాను. "గోడలు ఎలా అంటించావు నాన్నా?" అని అడిగితే, "ఆర్డర్ ఇచ్చి చేయించాం మేడమ్" అన్నాడు. పక్కనే ఒక పాప పాక ఒకవైపు ఒరిగిపోయి ఉంది. మొదటిసారి బెల్లం పాకం ఎందుకు జారిపోయిందో, రెండోసారి నానమ్మ దాన్ని ఎంత ముదరనిచ్చిందో ఆ పాప గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ పాపకు నేనేమీ ఇవ్వలేదు.

తప్పు ఆ బాబు తల్లిదండ్రులది కాదు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినవాళ్లకు పోటీ అని మెసేజ్ పెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? బహుమతి పెట్టింది నేను. అందుకే ఈసారి నా తరగతిలో మార్కులు లేవు, బహుమతులు లేవు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాల్సిన పని లేదు.

అసలు ఆ కథే ఆడంబరం లేనిది. సత్రంలో చోటు దొరకని ఒక జంట బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో సెయింట్ ఫ్రాన్సిస్ ఈ దృశ్యాన్ని కళ్లకు కట్టించాలనుకున్నప్పుడు ఆయన తెప్పించింది తొట్టి, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అంతే. అలాంటి పాక కాస్త ఒరిగితే వచ్చే నష్టమేమీ లేదు.

కావలసినవన్నీ మన వంటింట్లోనే ఉంటాయి. గోడలకు గ్లూకోజ్ బిస్కెట్లు, కప్పుకు రస్కులు, గడ్డికి వేయించిన సేమ్యా, అంటించడానికి ముదురు పాకం. గొర్రెలకు కొబ్బరి తురుములో దొర్లించిన చిన్న ఉండలు చాలు. బొమ్మలకు చలిమిడిని మించింది లేదు. మైనంలా చెప్పినట్టు వింటుంది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటివారు చలిమిడి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఒక తల్లి, ఒక బిడ్డ కథకు అంతకన్నా తగిన పిండి ఏముంటుంది?

పెద్దలు చేయాల్సింది రెండే పనులు. వేడి పాకం మీరే పట్టండి, అది చేతిమీద పడితే బాగా కాలుతుంది. చీమలు పట్టకుండా పాక ఉన్న ప్లేటును నీళ్లు పోసిన పళ్లెంలో ఒక గిన్నె మీద ఎత్తుగా పెట్టండి. మిగతాదంతా పిల్లలకు వదిలేయండి. గొర్రెకు మూడు కాళ్లే ఉన్నా సరిచేయకండి. తరగతికి తెచ్చి పంచుకునేవారు మాత్రం వేరుశెనగ, జీడిపప్పు వాడవద్దు. కొందరు పిల్లలకు అవి పడవు.

"బాల యేసును కూడా తినేయాలా మేడమ్?" అని కిందటేడు ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. మనసు ఒప్పుకోకపోతే తొట్టిలో ఇంట్లో ఉన్న చిన్న బొమ్మ పెట్టండి. చుట్టూ ఉన్నవే తినండి.

క్రిస్మస్ జరుపుకోని కుటుంబాలు ఇది చేయాలని లేదు. అదే చలిమిడితో సంక్రాంతికి ఎడ్లబండి చేయించండి. నేర్చుకునేది ఒకటే: జారిన గోడను మళ్లీ నిలబెట్టడం, పాకం ముదిరేదాకా ఓపిక పట్టడం.

సెలవుల తర్వాత పిల్లలను నేను అడగబోయేది ఒక్కటే: "ఎలా చేశావు?" ఇంగ్లీషులోనో తెలుగులోనో, వాళ్లకు వచ్చిన మాటల్లో చెబితే చాలు. తమ చేతులతో చేసిన పిల్లలకు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మీ అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

– ఇంగ్లీష్ టీచర్, ప్రైమరీ విభాగం