బండి ఎవరిదైనా గాలి మనదే

రాష్ట్రం అంటే ఏంది? ఒక అసెంబ్లీ, ఒక ముఖ్యమంత్రి, బండి నంబరు మీద రెండక్షరాలు. ఇంతేనా? ఉద్యమంలో ఈ ప్రశ్న వందసార్లు వేసుకున్నాం. మళ్లీ వేసుకోవాల్సిన పని పడింది. ఈసారి అమెరికాలో ఒక పాత స్పోర్ట్స్ కారు ముచ్చటతో మొదలుపెడదాం. కారు ముచ్చట మనకెందుకని పేజీ తిప్పకండి. ఇది రాష్ట్రాల హక్కుల ముచ్చట.

మన పిల్లలు వేలమంది అక్కడ చదువుతున్నారు, కొలువులు చేస్తున్నారు. టెక్సాస్‌లో చదువుకున్న పిలగాడికి కాలిఫోర్నియాలో ఉద్యోగం దొరికిందనుకోండి. మోజుపడి కొన్న 1990ల నాటి స్పోర్ట్స్ కారు ఒకటి వాడి దగ్గరుంది. కాగితాలన్నీ సక్రమమే. కానీ కాలిఫోర్నియా నివాసి అయినాక 20 రోజుల్లో బండిని అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలె. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

1976 నుంచి ఇటు తయారైన పెట్రోలు కారును బయటి రాష్ట్రం నుంచి తెస్తే, ‘స్మాగ్ చెక్’ దాటనిదే నంబరు రాదు. గొట్టంలోంచి వచ్చే పొగను యంత్రం పెట్టి కొలుస్తారు. అంతటితో వదలరు. బానెట్ లేపి చూస్తారు. కంపెనీ బిగించిన కెటలిటిక్ కన్వర్టర్ ఉన్నదా, ఊడబీకిండ్రా? వేగం కోసం మార్చిన సామానుకు కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉన్నదా? పొగ తక్కువ వచ్చినా సరే, అనుమతి లేని సామాను దొరికితే ఫెయిలే. ఇంజనే మార్చిన బండయితే ‘రెఫరీ’ అనే ప్రత్యేక అధికారి ముందు నిలబడాలె. ఇక 7,500 మైళ్లు కూడా తిరగని కొత్త బండికి కాలిఫోర్నియా ముద్ర లేకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, రిజిస్ట్రేషనే లేదు. ‘పక్క రాష్ట్రంలో చెల్లింది గదా’ అంటే, ‘అక్కడ చెల్లొచ్చు, ఇక్కడి గాలి మాది’ అన్నదే జవాబు.

ఈ హక్కు వాళ్లకు ఎవరో దయతలచి ఇవ్వలేదు. 1943లో లాస్ ఏంజిలిస్‌ను పొగ కమ్మేస్తే జనం కండ్లు మండి అల్లాడారు. కార్ల పొగ మీద ఎండ పడి ఈ విషం పుడుతున్నదని 1950లలో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. దేశంలో ఎవరికంటే ముందు 1966లో కాలిఫోర్నియా పొగగొట్టాలకు హద్దు పెట్టింది. మరుసటి ఏడు ఫెడరల్ ప్రభుత్వం ఈ అధికారమంతా తన చేతిలోకి తీసుకునేటప్పుడు, ముందే నిబంధనలున్న కాలిఫోర్నియాకు మాత్రం మినహాయింపు ఇవ్వక తప్పలేదు. 1977 నుంచి మిగతా రాష్ట్రాలు కూడా కాలిఫోర్నియా నిబంధనలను ఎంచుకునే వీలు వచ్చింది. ఒక రాష్ట్రం పట్టుబడితే దేశంలో కార్ల కంపెనీలన్నీ దారికొచ్చినయి.

ఇక మన సంగతి చూడండి. నంబరు ప్లేటు మీద మనకున్నంత పంతం ఎవరికీ లేదు. చట్టం ఒప్పుకోకున్నా ఉద్యమంలో బండ్ల మీద టీజీ అని రాసుకున్నాం. 2014లో రాష్ట్రం వస్తే టీఎస్ ఇచ్చారు. 2024లో టీజీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ ప్లేటు కింద ఉన్న గొట్టంలోంచి ఏం వస్తున్నదో అడిగే పంతం ఏమైంది?

వేరే రాష్ట్రం బండి వస్తే ఆర్టీఏ ఆఫీసులో అడిగేదేంది? ఎన్‌వోసీ తెచ్చినవా, లైఫ్ ట్యాక్స్ కట్టినవా? పన్ను మీద ఉన్న శ్రద్ధ పొగ మీద ఏదీ? పొల్యూషన్ సర్టిఫికెట్ రోడ్డు పక్కన వ్యానులో ఎట్ల దొరుకుతదో చదివేవాళ్లకు మేము చెప్పాల్నా?

ఇది చిన్న విషయం కాదు. పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, 2025లో కొంత సడలించింది. మరి ఢిల్లీ వద్దన్న బండి ఎటు పోవాలె? గాలి బాగా ఆడే, బండ్లు తక్కువున్న ప్రాంతాలకు పంపుకోవచ్చని 2016లో అదే ట్రిబ్యునల్ దారి చూపింది. అంటే రాజధాని ఊపిరితిత్తులకు పనికిరాని పొగ, జిల్లాల ఊపిరితిత్తులకు పనికొస్తదా? వెనుకబడ్డ ప్రాంతమంటే పారబోసే జాగా అనే బుద్ధి మనకు కొత్త కాదు. పటాన్‌చెరు చెరువుల్లో ఫ్యాక్టరీల విషం కలిసిననాడే చూసినం.

‘కేంద్రం చేతిలో ఉన్న పనికి రాష్ట్రం ఏం చేస్తది?’ అని అధికారులు అంటారు. మోటారు వాహనాల నిబంధనలు ఢిల్లీలో తయారయ్యే మాట నిజమే. కానీ 1981 నాటి వాయు కాలుష్య చట్టం తీసి చూడండి. కేంద్ర బోర్డును సంప్రదించి, మోటారు బండ్ల పొగకు ప్రమాణాలు పెట్టే పని 17వ సెక్షన్‌లో రాష్ట్ర కాలుష్య మండలికి అప్పజెప్పారు. ఆ ప్రమాణాలు అమలు చేయమని రిజిస్ట్రేషన్ అధికారులను రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించొచ్చని 20వ సెక్షన్ చెబుతున్నది. కాగితం మీదున్న హక్కును కూడా వాడుకోనోడికి కొత్త హక్కులు ఎవరిస్తారు?

‘కఠినంగా ఉంటే పేదోడే నలుగుతడు’ అనే మాటలో నిజమున్నది. ఆటో నడుపుకునే తమ్ముడికి, పాత స్కూటర్ మీద ఆఫీసుకు పోయే గుమస్తాకు జరిమానా వేస్తే న్యాయం కాదు. కాలిఫోర్నియాలో ఆదాయం తక్కువున్నోళ్ల బండి స్మాగ్ చెక్‌లో ఫెయిలయితే మరమ్మతుకు సర్కారే సాయం చేస్తది. మనకూ అదే కావాలె. కానీ పొగ మింగేది ఎవరని కూడా అడగాలె. ఏసీ కార్లో అద్దాలెక్కించుకున్నోడు కాదు. బస్టాపులో నిలబడ్డ విద్యార్థి, చౌరస్తాలో నిలబడ్డ కానిస్టేబుల్, ఆ ఆటో తమ్ముడే.

ఇంకో పాఠం కూడా ఉన్నది. 2025లో అమెరికా కాంగ్రెస్, అధ్యక్షుడు ట్రంప్ కలిసి కాలిఫోర్నియాకు ఇచ్చిన అనుమతుల్లో మూడింటిని రద్దు చేశారు. ఆ రాష్ట్రం కోర్టుకెక్కింది. దాదాపు అరవై ఏండ్ల హక్కుకే గ్యారంటీ లేదు. హక్కు ఒకసారి వస్తే చాలదు, రోజూ కాపలా కాయాలె.

మేము అడిగేది మూడే. బయటి రాష్ట్రం నుంచి వచ్చే పాత బండికి, అది ఎంత పెద్దమనిషిదైనా, నిజమైన పొగ పరీక్ష అయినాకనే టీజీ నంబరు ఇవ్వాలె. కాలుష్య మండలి 17వ సెక్షన్ దుమ్ము దులపాలె. చిన్న బతుకుల బండ్లకు మరమ్మతు ఖర్చు సర్కారు భరించాలె.

అడగందే అమ్మయినా పెట్టదు. నీళ్లు, నిధులు, నియామకాలు అడిగి తెచ్చుకున్న రాష్ట్రంలో గాలిని కూడా అడుగుదాం.