పరువు మాటున పూడ్చేసిన ఫిర్యాదులు

మన విశ్వవిద్యాలయాల్లో చట్టం కన్నా బలంగా చెలామణి అవుతున్న మాట ఒకటుంది. ‘ఏదైనా జరిగితే లోపలే చూసుకుందాం, రచ్చకెక్కితే వర్సిటీ పరువు పోతుంది.’ విజయవాడ నుంచి గుంటూరు దాకా ఏ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నా ఇది చెవిన పడుతుంది. మంచివాళ్లు కూడా నమ్మి చెప్పే మాట. అయినా ఇది తప్పు. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

2015 జులై 14న నంబూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతున్న రిషితేశ్వరి ప్రాణాలు తీసుకుంది. ర్యాగింగ్, వేధింపుల ఆరోపణలతో రాష్ట్రం అట్టుడికింది. ప్రభుత్వం విచారణకు బాలసుబ్రహ్మణ్యం కమిటీ వేసింది. తొమ్మిదేళ్లు దాటాక, 2024 నవంబరులో, గుంటూరు కోర్టు కేసు కొట్టివేసింది. నిందితుల మీద నేరం రుజువు కాలేదు, వాళ్లను దోషులనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ తీర్పు చూపించి ‘అనవసరంగా వర్సిటీని బజారుకీడ్చారు’ అనేవాళ్లతోనే నా పేచీ. నేరం తేల్చడం కోర్టు పని. కష్టంలో ఉన్న పిల్ల ఎవరి దగ్గరికెళ్లాలి, వెళితే ఆమె మాట కాగితం మీద ఎవరు ఎక్కిస్తారు అనేది విశ్వవిద్యాలయం చూసుకోవాల్సిన పని. ఆ పని జరిగిందా లేదా అన్నది ఏ తీర్పుతోనూ తీరిపోయే ప్రశ్న కాదు.

రుజువులు ఎక్కడ మాయమవుతాయో ఒక్కసారి ఆలోచించండి. గైడ్ ప్రవర్తన బాగాలేదని ఒక రీసెర్చ్ స్కాలర్ హెచ్‌ఓడీ దగ్గరికి వెళుతుంది. ‘ముందు థీసిస్ కానివ్వమ్మా, తర్వాత చూద్దాం’ అంటారు. సినాప్సిస్ మీద సంతకం ఆ గైడే పెట్టాలి, వైవా ఆయన కదిలితేనే కదులుతుంది. ఆమె నోరు మూసుకుంటుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదుకు ఇచ్చిన గడువు 3 నెలలు. తగిన కారణం చూపితే మరో 3 నెలలు. థీసిస్‌కు పట్టేది ఏళ్లు. చివరికి ధైర్యం చేసి రాసిస్తే, ఆ రోజు ఊరుకోమన్న వాళ్లే ‘ఇన్నాళ్లూ ఏం చేసింది?’ అని అడుగుతారు. ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లను తీసేయడానికి మెమో కూడా అక్కర్లేదు, వచ్చే ఏడాది పిలవకపోతే చాలు.

లోపల సర్దేయడం మర్యాద అనుకునేవాళ్లు మన రాష్ట్ర చట్టమే చదవాలి. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఫిర్యాదు అందాక చర్య తీసుకోని సంస్థ అధిపతి ఆ నేరానికి ప్రోత్సాహం ఇచ్చినట్టే లెక్క. మౌనాన్ని చట్టం నేరం కింద రాసి దాదాపు మూడు దశాబ్దాలు కావస్తోంది. మనం మాత్రం దాన్ని ఇంకా పెద్దరికం అనుకుంటున్నాం.

తప్పుడు ఫిర్యాదుల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చని 2013 చట్టంలోనే ఉంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోనక్కర్లేదని కూడా అక్కడే ఉంది. మనవాళ్లు మొదటి వాక్యం కంఠతా పట్టి రెండోది వదిలేశారు. 2024 ఆగస్టులో గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న ఆరోపణతో అమ్మాయిలు రాత్రిపూట ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. ఇందులో నాకు కనిపించేది ఆడపిల్లల తొందరపాటు కాదు. లోపల చెబితే ఎవరైనా నిజాయితీగా విచారిస్తారన్న నమ్మకం ఉన్నచోట అంతమంది అర్ధరాత్రి నినాదాలు చేయాల్సిన అవసరం రాదు. ఆ నమ్మకం ఉంటే నిందపడ్డవాళ్లకూ అంతే మేలు.

దాచితే పరువు దక్కిందా అంటే అదీ లేదు. వేధింపుల సంగతే కాదు, పరిశోధనలో మోసాల విషయంలోనూ అంతే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరిట అచ్చయిన దాదాపు 70 దొంగ పరిశోధన పత్రాల బాగోతం 2008లో ప్రపంచమంతా చదివింది. పట్టుకున్నది విదేశీ జర్నళ్ల వాళ్లు. అన్ని పత్రాలు కుప్పలుగా వస్తుంటే పక్క గదుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదంటే నమ్మడం కష్టం. అడిగే అలవాటు లేకపోవడమే అసలు జబ్బు.

గోప్యత పేరు చెప్పి తప్పించుకోవడమూ చెల్లదు. 2013 చట్టం దాచమన్నది పేర్లు, విచారణ వివరాలు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలాయి అన్న లెక్క వార్షిక నివేదికలో చెప్పి తీరాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. వైస్ చాన్సలర్లు ఆ లెక్కను ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి, ఫిర్యాదులు విచారించే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి. తోటి అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. రేపు మీ గదికి ఎవరైనా కళ్లనీళ్లతో వస్తే సర్దుకోమని చెప్పకండి. ఫిర్యాదు రాయడానికి తోడుండండి, తేదీ వేయించండి, రిజిస్ట్రార్ ఆఫీసుదాకా వెంట వెళ్లి రసీదు ఆమె చేతిలో పెట్టించండి.