ఫ్యూజు కాలితే రాగి తీగ చుట్టుడు రిపేరు కాదు

ఈ సారి అల్లం ధర ముచ్చట కాదు, ఆలుగడ్డ ముచ్చట కాదు. బండి ముచ్చట. జర పొడుగున్నది, ఓపికతోని చదవుండ్రి.

మన మొగుడంపల్లి దిక్కు ఇప్పుడు ఏ ఊర్ల జూసినా చిన్న ట్రాలీ బండ్లు ఉన్నయి. అల్లం జహీరాబాదుకు పోవాలన్నా, ఎరువు బస్తాలు ఇంటికి రావాలన్నా అవే దిక్కు. కొత్తగ వస్తున్న బండ్లల్ల కొన్నిటికి స్టీరింగు కరెంటు మీద నడుస్తది. ఒక్క చేతితోని తిప్పితే తిరుగుతది. ఒకనాడు నడుస్త నడుస్త మీటరు మీద స్టీరింగు బొమ్మ లైటు వెలుగుతది, చక్రం రాయి లెక్క బరువైతది. మెకానిక్ చూసి "ఫ్యూజు పోయింది" అంటడు. ఈడిదాక ఎవల తప్పు లేదు. దాని తర్వాత జరిగే పని మీదనే నా పంచాయితీ.

ఏం జరుగుతది? "ఎట్లన్న జేసి నడిపియ్యి అన్నా, సరుకు ఆగం అయితది" అని మనోళ్లు అంటరు. ఆయన ఒక వైరు చివర ఒలిచి, రాగి పోగులు కాలిన ఫ్యూజుకు చుట్టి కూసుండబెడతడు. లేదంటే 10 ఆంపియర్ల జాగల 30ది గుచ్చుతడు. స్టీరింగు మళ్ల అల్కగ తిరుగుతది. యాభయ్యో వందో చేతుల పెట్టి సంబరంగ వస్తరు.

ఫ్యూజు కాలుడు రోగం కాదు. అది కుక్క మొరుగుడు. దొంగ ఎక్కడున్నడో చూడకుంట కుక్క నోరు కట్టేస్తే ఎట్లుంటదో, ఫ్యూజు జాగల తీగ చుట్టుడు గూడ అట్లనే ఉంటది.

ఈ అలవాటు బండి కాడ మొదలు కాలేదు, బోరు కాడ మొదలయింది. స్టార్టరు డబ్బా పక్కన ఫ్యూజు కట్టలు తీసి చూడుండ్రి, ఎన్నిట్ల అసలు ఫ్యూజు వైరు ఉన్నదో! బైండింగు వైరు, అల్యూమినియం పోగు, ఏది దొరికితే అది. తొమ్మిది గంటల కరెంటు ఉన్న రోజులల్ల, అదీ రాత్రి వస్తే, "కరెంటు పోకముందే నీళ్లు పారాలె" అని తొందర ఉండేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నరు. తొందరకు ఉన్న సాకు తగ్గింది గాని, మందం తీగ మాత్రం ఆడనే ఉన్నది. మోటారు కాలితే చుట్టిపిస్తం. బండి సంగతి వేరే, అండ్ల మనిషి కూసుంటడు.

ఇంకో లెక్క చెప్తా, ఇది మనోళ్లకు చానా మందికి తట్టదు. మన 5 హెచ్‌పీ బోరు మోటారు మూడు ఫేజులల్ల నడుస్తది, ఫేజుకు ఇంచుమించు 8 ఆంపియర్లు గుంజుతది. బండి స్టీరింగు కింద ఉన్న మోటారు సొరకాయంత ఉండదు. కానీ అది నడిచేది 12 వోల్టుల మీద. వోల్టేజి తక్కువైతే అదే పనికి ఆంపియర్లు ఎక్కువ కావాలె. బరువుతోని నిలబడి చక్రం తిప్పినప్పుడు అది 60 ఆంపియర్లు గుంజిందనుకోండి, 12 ఇంటు 60, 720 వాట్లు. అంటే ఇంచుమించు ఒక హెచ్‌పీ. సీటు కింద, కాళ్ల పక్కన బోరు మోటారు కంటే ఏడెనిమిది ఇంతల ఆంపియర్లు పారుతున్నయన్నట్టు. 12 వోల్టులు షాకు కొట్టదు నిజమే, కానీ కాలవెడతది. కరెంటు రెండింతలయితే వైరుల వేడి నాలుగింతలయితది. వైరు కాలకముందు తాను కాలాలనే ఫ్యూజును ఆడ పెట్టిన్రు. దాని జాగల రాగి పోగులు పెడితే, అవి ఎంతకు తెగుతయో చుట్టినోనికే తెల్వదు. అప్పుడు బండి వైరింగే ఫ్యూజు అయితది.

మా దిక్కు ఒకాయన బండికి గిట్లనే అయింది. అల్లం మూటలు వేసుకొని పోతుంటే స్టీరింగు బరువైంది. రోడ్డు పక్క షాపుల తీగ చుట్టిన్రు. వారం పది దినాలు మంచిగనే నడిచింది, ఆయన గూడ మంచిగైందనే అనుకున్నడు. తర్వాత ఒకనాడు మలుపు కాడ డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన, తర్వాత పొగ. పక్కన కూసున్న పిలగాడు దుంకి బ్యాటరీ వైరు గుంజేసిండు కాబట్టి బండి మిగిలింది. వైరింగు కట్ట మొత్తం మార్పిచ్చి, స్టీరింగు కంట్రోల్ డబ్బా గూడ మార్చేటాలకు ముప్పై వేలు దాటింది. అసలు దొంగ ఎవలంటే, చట్రం అంచుకు రాసుకొని ఒలిసిన ఒక వైరు. మొదటి దినమే చూస్తే టేపు, పైపు తొడుగు, కొత్త ఫ్యూజు, అంతటితోని అయిపోయేది.

మన ఊర్లల్ల దొంగలు ఎక్కడెక్కడ ఉంటరో నేను చూసిన కాడికి చెప్తా. ఎలుక మొదటిది. సీటు కింద గడ్డి, గోనెసంచులు పెడతరు, ఎలుక పిల్లలు పెడతది, వైరు కొరుకుతది. రెండోది వెల్డింగు. చెరుకు, వరిగడ్డి ఎక్కువ పట్టాలని పక్క రేకులు ఎత్తు చేపిస్తం. బ్యాటరీ వైర్లు ఇప్పకుంట వెల్డింగు కొడితే ఆ కరెంటు కంట్రోల్ డబ్బాలకు పోతది. రెండు టెర్మినళ్లు ఇప్పి, ఎర్తు క్లిప్పు అతుకు పక్కనే పట్టియ్యమని వెల్డింగు ఆయనకు మొహమాటం లేకుంట చెప్పాలె. మూడోది బ్యాటరీ డౌన్ అయితే వేరే బండి నుంచి వైర్లు కలుపుడు. ప్లస్సు, మైనస్సు తారుమారు అయితే ఒక్క క్షణంల పెద్ద ఫ్యూజు పోతది. 65 నంబరు హైవే మీద ఆగి పెద్ద లారీ ఆయనను అడుగుతరు. పెద్ద లారీలు చానా మట్టుకు 24 వోల్టులవి, మన చిన్న బండి 12ది. ఆయన మంచిమనసుతోనే ఇస్తడు, మన బండి మాడుతది. ట్రాక్టరు బ్యాటరీ 12దే, అది నడుస్తది. ఇగ పెద్ద హారను, ఫోకస్ లైట్లు, పాటల డబ్బా... దొరికిన వైరుకు గుచ్చి కరెంటు తీసుకునుడు గూడ అసొంటిదే.

అన్నిసార్లు ఫ్యూజే అని గూడ అనుకోవద్దు. బ్యాటరీ టెర్మినల్ వదులైనా, ఆల్టర్నేటరు సరిగ ఛార్జి చెయ్యకున్నా స్టీరింగు సాయం బందయితది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ మీద మీటరు పెడితే 14 వోల్టుల దగ్గర చూపియ్యాలె. లోడు వేసుకొని ఇరుకు జాగల బండిని ముందుకెనుకకు చేస్త, చక్రం ఆఖరిదాక తిప్పి గట్టిగ పట్టుకుంటే మోటారు వేడెక్కి, తనంతట తనే సాయం తగ్గిస్తది. కొద్దిసేపు ఆపితే మళ్ల వస్తది. దానికి ఫ్యూజు పీకవలసిన పని లేదు. ఒకాయన స్టీరింగుల ఆయిల్ పోసే మూత ఎక్కడున్నదని వెతికిండు. ఆయిల్ మీద నడిచేది వేరే, మన ట్రాక్టర్ల పవర్ స్టీరింగు అసొంటిది. పూర్తిగ కరెంటు మీద నడిచే దాంట్ల పోసే ఆయిల్ ఉండదు.

మరి మన చేతితోని ఏం చేసుకోవచ్చు? తాళం చెవి తీసెయ్యుండ్రి. ఫ్యూజు డబ్బా మూత లోపల ఏది దేనికో బొమ్మ ఉంటది. స్టీరింగుకు మామూలుగ రెండు ఉంటయి. ఒకటి కంట్రోల్ డబ్బాకు పోయే చిన్నది, ఒకటి మోటారుకు పోయే పెద్దది. పెద్దది చానా బండ్లల్ల బ్యాటరీ దగ్గర నట్లతోని బిగించి ఉంటది. చిన్న ఫ్యూజుల రంగే చెప్తది: 7.5 అయితే గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు తీసిన కాడ ఎరుపే పెట్టాలె. ఆకుపచ్చ దొరికిందని పెట్టవద్దు. పెద్దది ఇప్పేటప్పుడు ముందుగాల బ్యాటరీ మైనస్సు తియ్యాలె, లేకుంటే పాన చట్రానికి తాకి నిప్పులు లేస్తయి. పెట్టినంక నట్టు గట్టిగ బిగియ్యాలె, వదులు నట్టు కాడ గూడ వేడి పుడతది. కొత్తది పెట్టంగనే స్టీరింగు వచ్చి, నెల రెండు నెలలు మంచిగుంటే సరే. పెట్టంగనే మళ్ల పోయిందంటే మూడోది పెట్టకుండ్రి. ఆడ ఆగాలె. అప్పుడు తెలిసిన ఎలక్ట్రీషియన్ వైరు పట్టుకొని వెతకాలె. ఫ్యూజు మంచిగనే ఉండి లైటు ఆరకుంటే స్కానరు ఉన్న కాడికి పోవాలె.

దార్ల పోయినప్పుడు భయపడి బండి ఇడిసిపెట్టొద్దు. కరెంటు పోయినా చక్రానికి, స్టీరింగుకు మధ్యల ఇనుప కడ్డీ ఉన్నది, తిరుగుతది. బరువైతది అంతే. నిలబడి తిప్పితే మస్తు బరువు, మెల్లగ కదులుతుంటే తక్కువ. రెండు చేతులు పెట్టి, స్పీడు తగ్గిచ్చి, పక్కకు తియ్యాలె. మూటల లోడుతోని అట్లనే ఇరవై కిలోమీటర్లు పోదామనుకోవద్దు. మలుపుల ఎదురుంగ బస్సు వస్తే చేతుల బలం సరిపోదు.

మా పెద్దమనుషులు కొందరు "పాత బండ్లే నయం, ఇవన్ని నాజూకు యవ్వారాలు" అంటరు. నేను ఒప్పుకోను. ఇది నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. 1988లనే జపాన్ల సుజుకి సెర్వో అనే చిన్న కారుకు కరెంటు స్టీరింగు పెట్టిన్రు. యాభై దాటిన నా భుజాలకు దాని విలువ తెలుసు. మా వదినె తానే బండి తోలుకొని కూరగాయలు తీసుకపోతున్నదంటే గా స్టీరింగు గూడ ఒక కారణం. వస్తువు నాజూకు కాదు, మనం చూసే తీరే మోటుగున్నది.

మెకానిక్‌లను గూడ ఒక్కరినే అనలేం. తీగ చుట్టమని అడిగేది మనమే, అయిదు నిమిషాలల్ల కావాలనేది మనమే. "రెండు గంటలయితది, వైరు వెతకాలె" అన్న మెకానిక్ మనకు మోసగాడు లెక్క కనపడతడు. వెతికినందుకు కూలి ఇయ్యాలె. పొద్దంత కలుపు తీసిన మనిషికి కూలి ఇస్తం గదా, పొద్దంత వైరు వెతికినోనికి ఎందుకియ్యం?

అమ్మేటోళ్ల మీద గూడ నాకు కోపమున్నది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ జహీరాబాదులనే ఉన్నది, ఆటోలు, ట్రాలీలు అమ్మే షోరూములు రోడ్డు పొంటి ఉన్నయి. బండి ఇచ్చేటప్పుడు పూలదండ వేసి ఫోటో తీస్తరు, చేతుల పెట్టే పుస్తకం మాత్రం ఇంగ్లీషుల ఉంటది. ఫ్యూజు డబ్బా బొమ్మ ఒక్క పేజీ తెలుగుల, అటు బీదర్ దిక్కు వాళ్లకు కన్నడల, అచ్చేసి ఇస్తే వాళ్ల సొమ్మేం పోతది? బండి తీసుకునేటోళ్లు ఈ సారి దండ కంటే ముందు ఆ కాగితం అడుగుండ్రి. డ్యాష్‌బోర్డుల దేవుని బొమ్మ కింద చిన్న డబ్బా ఒకటి పెట్టుకోండ్రి: రంగుకు రెండు ఫ్యూజులు, మీ బండికి సరిపోయే పెద్దది ఒకటి, 10 నంబరు పాన, టెస్టు బల్బు.

మీ బండి ఫ్యూజు డబ్బా మూత మీది అక్షరాలు తెల్వకుంటే ఫోటో తీసి ఈడ పెట్టుండ్రి. ఏది స్టీరింగుదో, ఎన్ని ఆంపియర్లదో తెలుగుల రాసి పెడతా.