రెండు తగిలించండి మేడం, మేం ఏమీ అనం

2017 సెప్టెంబరు. రామచంద్రాపురం. మన చందానగర్లో ఆటో ఎక్కితే ముంబై హైవే మీద కాసేపట్లో దిగే ఊరు. ఐదో తరగతి చదివే పదకొండేళ్ల పిల్ల ఆ రోజు యూనిఫాం లేకుండా బడికి వెళ్లింది. ఉతికిన బట్టలు ఆరలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు డైరీలో రాసి పంపారు కూడా. అయినా ఆ బిడ్డను తీసుకెళ్లి మగపిల్లల టాయిలెట్లో నిలబెట్టారు. పిల్లలు చూసి నవ్వారు. టీవీలు చూపించాయి, మంత్రి ఖండించారు, పోలీసులు కేసు పెట్టారు. నాలుగు రోజులు అందరం అయ్యో పాపం అన్నాం. తర్వాత ఎవరి పిల్లల్ని వాళ్లు స్కూలు వ్యానెక్కించి చేతులు దులుపుకున్నాం.

నా కోపమంతా ఆ చేతులు దులుపుకోవడం మీదే.

చట్టం లేక ఇలా ఏడుస్తున్నామా? 2002 ఫిబ్రవరిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16 ఇచ్చి, విద్యా నిబంధనలు సవరించి బడిలో దెబ్బల్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల ఒంటి మీద చెయ్యి వేయకూడదంటుంది, మనసునూ వేధించకూడదంటుంది. పిల్లలు పేరు రాయకుండా ఫిర్యాదు వేసుకునేందుకు బడిలో ఒక పెట్టె ఉండాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2012లో మార్గదర్శకాలిచ్చింది. గంగారం నుంచి నల్లగండ్ల దాకా ఇన్ని స్కూళ్లున్నాయి. మీ పిల్లల బడిలో ఆ పెట్టె ఎక్కడుందో మీకు తెలుసా? ఫీజు కౌంటరెక్కడో మాత్రం అందరికీ తెలుసు.

ఇదే కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. మాకు ఏ శిక్షా పడలేదన్నవాళ్లు తొమ్మిది మంది. నూటికి ఎనభై మందికి పైగా పిల్లలు "నీకు చదువు రాదు" అనిపించుకున్నారు. ఆ అంకెలు అచ్చయ్యాయి, పేపర్లో వచ్చాయి, ఆ పేపర్లో మనం పల్లీలు పొట్లం కట్టుకున్నాం.

ఈమధ్య ఒక స్కూల్లో పేరెంట్స్ మీటింగులో చూశాను. మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా తీయని తండ్రి, మార్కుల కాగితం బల్ల మీద పెట్టి, "మాట వినకపోతే రెండు తగిలించండి మేడం, మేం ఏమీ అనం" అన్నాడు. కొడుకు పక్కనే ఉన్నాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. తల వంచుకుని బల్ల అంచున ఊడిన సన్మైకా ముక్కను గోటితో గీకుతున్నాడు. ఇంటికెళ్లి దెబ్బ తగిలిందని చెప్పుకునే దారి కూడా వాడికి ఆ క్షణంలోనే మూసుకుపోయింది. అదే తండ్రి మీద హైటెక్ సిటీలో మేనేజరు గొంతు పెంచితే రాత్రికల్లా హెచ్‌ఆర్‌కు మెయిల్ వెళ్తుంది. చెయ్యెత్తితే ఆ మేనేజరు ఉద్యోగమే ఊడుతుంది. ముప్పై ఐదేళ్ల మనిషికున్న రక్షణ తొమ్మిదేళ్ల పిల్లాడికి వద్దా?

"మేమూ దెబ్బలు తినే పైకొచ్చాం" అంటారు. గోడకుర్చీ, తొడపాశం, వెనకటి వీధి బడుల్లో కోదండం. అన్నీ ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ దెబ్బలకు భయపడి బడి మానేసి, పశువుల వెంటో మేస్త్రీ వెంటో పోయినవాళ్లు ఈ ముచ్చట చెప్పడానికి మన కాలనీలో లేరు. బడుల ఇన్‌స్పెక్టరుగా తిరిగిన చలం పిల్లల్ని కొట్టొద్దని 'బిడ్డల శిక్షణ' రాసి ఎన్ని దశాబ్దాలైంది! ఆయన మిగతా పుస్తకాల మీద ఇప్పటికీ పోట్లాడుకుంటాం. దీన్ని మాత్రం అలమరలో పెట్టేశాం.

2025 ఫిబ్రవరిలో ఉప్పల్లో ఎనిమిదో తరగతి పిల్లాడు చనిపోయాడు. టీచరు కొట్టి అవమానించాకే ప్రాణం తీసుకున్నాడని కుటుంబం గొల్లుమంది. ఆ సెప్టెంబరులో పుంగనూరులో ఆరో తరగతి అమ్మాయిని టీచరు స్కూలు బ్యాగుతో తల మీద కొట్టారు. అందులో స్టీలు టిఫిన్ బాక్సుంది. పుర్రె ఎముక చిట్లింది. అంత దెబ్బ కొట్టాలని ఆ టీచరు అనుకుని ఉండకపోవచ్చు. అనుకోకుండానే చిట్లింది. చెయ్యి ఎత్తాక దాని బరువు ఎవరి అదుపులోనూ ఉండదు, అందుకే అసలు ఎత్తొద్దంటున్నది.

టీచర్ల కష్టం నాకు తెలియనిది కాదు. కిక్కిరిసిన క్లాసు, చాలీచాలని జీతం, ర్యాంకు రాకపోతే యాజమాన్యం చీవాట్లు. ఆ ఒత్తిడంతా పైనుంచి జారి జారి చివరికి పిల్లల అరచేతుల మీద పడుతోంది. 2025 మార్చిలో బొబ్బిలి మండలం పెంట జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరు పిల్లల్ని దండించలేక, వాళ్ల ముందు తానే గుంజీలు తీశారు. ఆ వీడియో అందరం షేర్ చేశాం. నాకైతే ఆ పెద్దాయన్ని చూస్తే ఏడుపొచ్చింది. పిల్లలతో ఎలా నెగ్గుకు రావాలో నేర్పకుండా, పక్కన మనిషిని ఇవ్వకుండా, బెత్తం ఒక్కటీ లాక్కుని ఊరుకున్న విద్యాశాఖకు ఆ గుంజీలు తగలాలి.

చందానగర్ తల్లులారా, తండ్రులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. వచ్చే మీటింగులో మార్కుల కన్నా ముందు ఫిర్యాదుల పెట్టె ఎక్కడుందో, దాన్ని ఎవరు తెరుస్తారో అడగండి. "మా బిడ్డ మీద చెయ్యి పడకూడదు" అని బిడ్డ వింటుండగా చెప్పండి. పక్కింటి పిల్ల చేతి మీద వాతలు కనిపిస్తే మనకెందుకులే అనకండి, 1098కి ఫోన్ చేయండి.