శరణాగత శునకాలు – శౌచ విచారం

“అర్చకుల ఇంట కుక్కలా? ఆచారం ఏమవుతుంది?” అని భక్తులు అడుగుతుంటారు. వీధిలో గాయపడి మా పెరడు చేరిన నాలుగు శునకాలను చూసి కలిగే సందేహమిది.

మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడు లేవనెత్తిన ఆక్షేపమూ ఇదే. శునకం గలవారికి స్వర్గంలో స్థానం లేదు, దానిని విడిచి రథమెక్కమన్నాడు. ధర్మరాజు శునకం శుచి అని వాదించలేదు. భక్తితో ఆశ్రయించిన ప్రాణిని త్యజించడం బ్రహ్మహత్యతో సమానమన్నాడు, స్వర్గాన్నే కాదన్నాడు. ఆ శునకం సాక్షాత్తు ధర్మదేవత.

కనుక శౌచనియమం మనకు. ఆ భారాన్ని మూగప్రాణిపై మోపరాదు. మా ఇంట శునకాలకు పూజామందిరంలోను, మడివంట దగ్గర ప్రవేశం లేదు. వాటి పుండ్లు కడిగి, అన్నం పెట్టి, స్నానం చేసిన పిదపే ఆలయానికి వెళతాను. ఏటా రేబిస్ టీకా తప్పదు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. కాస్త శ్రమ మాత్రం అధికం.

వైశ్వదేవానంతరం శునకాలకు నేలపై బలి ఉంచమని మనుస్మృతియే విధించింది. అన్నం పెట్టమన్న శాస్త్రాన్ని చూపి, ఆకలితో వచ్చినదానిని కర్రతో తరమడం ఏ ఆచారం?

స్పర్శదోషం స్నానంతో పోతుంది. శరణాగతుని విడిచిన దోషం ఏ స్నానంతో పోతుంది? విజ్ఞులు ఆలోచించాలి.