పింఛను పొదుపులో తరుగెంత?

వర్ని చుట్టుపక్కల ఏ కొనుగోలు కేంద్రానికైనా వెళ్లి చూడండి. వడ్లు తూకం వేస్తున్నంతసేపూ రైతు చూపు కాంటా మీదే ఉంటుంది. బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తామంటే ఊరుకోడు. ఊరుకోకూడదు కూడా. అదే రైతు ముసలితనం కోసమని ఏదో పథకం కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం, ‘ఇందులో ఏటా ఎంత కోస్తారు?’ అని అడగడు. నిజానికి అడగాల్సింది అక్కడే. వడ్లలో తరుగు ఒక్కసారే పోతుంది. పింఛను డబ్బులో ఏటా పోతుంది. అదీ ఆ ఏడు కట్టిన దాని మీద కాదు, అప్పటిదాకా కూడిన మొత్తం మీద. గుమ్మిలోని పాత వడ్లను కూడా ఏటేటా మళ్లీ తూచి తరుగు తీసినట్టన్నమాట!

ఎవరి పింఛను వారిదే

ఈ ప్రాంతంలో ఒకప్పుడు భద్రమైన బతుకంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఉద్యోగమే. 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఉద్యోగుల పింఛను పథకంలో వచ్చే మొత్తం జీతం మీద, సర్వీసు ఏళ్ల మీద ఆధారపడుతుంది. ఉద్యోగం మధ్యలో ఆగిపోతే ఆ లెక్కా అక్కడే ఆగుతుంది. ఆ పథకంలో కనీస పింఛనును 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఇక నిజాంసాగర్ కాలువ కింద వరి వేసే రైతుకు, ఎరువుల దుకాణం నడిపేవారికి, గల్ఫ్ వెళ్లొచ్చినవారికి అదీ లేదు.

ప్రభుత్వ హామీ ఉన్న అటల్ పింఛన్ యోజన 2015లో వచ్చింది. పాతికేళ్లకు చేరి నెలకు 376 రూపాయలు కడితే, అరవై దాటాక నెలకు అయిదు వేలు వస్తాయి. హామీ మంచిదే. కానీ ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే, 35 ఏళ్ల తర్వాత ఆ అయిదు వేలకు వచ్చేది ఈనాటి 650 రూపాయల సరుకే. పైగా ఆదాయపు పన్ను కట్టేవారికి 2022 అక్టోబరు నుంచి ఇందులో చేరే వీల్లేదు. కాబట్టి ధరలతో పాటు పెరిగే పొదుపు కూడా ఒకటి ఉండాలి.

తొంభై పైసల కథ

జాతీయ పింఛను పథకాన్ని, అదే ఎన్‌పీఎస్‌ను, 2009 మే 1 నుంచి ఉద్యోగులతో పాటు పౌరులందరికీ తెరిచారు. అప్పట్లో అందులోని షేర్ల పెట్టుబడి సూచీని అనుసరించాలన్నది నిబంధన. అంటే మేనేజరు తన తెలివితో షేర్లు ఏరడం ఉండదు. సూచీలో ఏ కంపెనీ ఎంత ఉంటే అంత కొని పెట్టడమే. దీన్నే పాసివ్ పెట్టుబడి అంటారు. అమెరికాలో జాన్ బోగెల్ 1976లో వాన్‌గార్డ్ సంస్థ ద్వారా సామాన్య మదుపరులకు అందించిన పద్ధతి ఇది. ఏరే పని లేదు గనక ఖర్చూ తక్కువే. 2009లో ఎన్‌పీఎస్ ఫండ్ నిర్వహణ రుసుం 0.0009 శాతం. లక్ష రూపాయలకు ఏడాదికి తొంభై పైసలు!

తర్వాతి ఏళ్లలో మేనేజర్లు షేర్లను సొంతంగా ఎంచుకునే వీలిచ్చారు, రుసుమూ పెంచారు. 2021లో ఖరారు చేసిన శ్లాబుల్లో గరిష్ఠం 0.09 శాతం. అంటే లక్షకు తొంభై రూపాయలు. కమీషన్లు కలిసిన యాక్టివ్ ఫండ్లలో రెండు శాతం దాకా, అంటే లక్షకు రెండు వేలు కోసేవీ ఉన్నాయి. మరి చవకైనదాన్ని మన గడపలోకి వచ్చి ఎవరూ ఎందుకు చెప్పరు? చెప్పినవారికి పెద్దగా మిగిలేదేమీ ఉండదు గనక.

లెక్క చూడండి

ముప్ఫై ఏళ్ల దుకాణదారు నెలకు వెయ్యి చొప్పున అరవై ఏళ్లదాకా దాచాడనుకుందాం. కట్టేది 3.60 లక్షలు. ఖర్చులకు ముందు ఏటా 10 శాతం పెరుగుదల ఉందనుకోండి. ఇది హామీ కాదు, లెక్క కోసమే. ఏటా రెండు శాతం ఖర్చు పోతే చివరికి చేతికొచ్చేది సుమారు 14.9 లక్షలు. ఖర్చు 0.2 శాతమే అయితే సుమారు 21.7 లక్షలు. తేడా 6.8 లక్షలు. అతను ముప్ఫై ఏళ్లు కట్టిన అసలు కంటే తరుగే ఎక్కువన్నమాట.

ఏది ఎంచుకోవాలి?

మధ్యలో డబ్బు తీసేసే అలవాటున్నవారికి ఎన్‌పీఎస్ మేలు. తీసుకోవడానికి ఆంక్షలున్నాయి గనక డబ్బు నిలుస్తుంది. 2025 డిసెంబరులో మార్చిన నిబంధనల ప్రకారం, ప్రభుత్వోద్యోగులు కానివారు అరవై ఏళ్లకు 80 శాతం దాకా ఒకేసారి తీసుకుని, కనీసం 20 శాతంతో నెలనెలా ఆదాయమిచ్చే యాన్యుటీ కొనుక్కోవాలి. మొత్తం 8 లక్షల లోపైతే అంతా తీసుకోవచ్చు. ఒక జాగ్రత్త: 2025 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త స్కీముల్లో రుసుం 0.30 శాతం దాకా ఉండొచ్చు. ఎన్‌పీఎస్ పేరుంటే అన్నీ ఒకే ధర అనుకోకండి. వాయిదాకింత అని కనీస సేవా రుసుం వేసేచోట చిన్న మొత్తాలు పన్నెండుసార్లు కట్టేకంటే, వానాకాలం పంటకోసారి, యాసంగికోసారి కట్టడం నయం.

అచ్చంగా పాసివ్ పద్ధతే కావాలనుకుంటే నిఫ్టీ 50 సూచీ ఫండ్లు ఉన్నాయి. 2013 జనవరి నుంచి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. వాటినే తీసుకోండి. ఎప్పుడైనా తీసుకోవచ్చు, అదే సుగుణం, అదే ప్రమాదం.

ఖర్చు తక్కువైనంత మాత్రాన నష్టం రాదని కాదు. 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోయింది. అరవై దగ్గరపడేకొద్దీ షేర్ల వాటా తగ్గించుకుంటూ రావాలి. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పుంటే ముందు అది తీర్చండి. ఏడాదికి 24 శాతం మింగే అప్పును ఏ ఫండూ దాటలేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరోగ్య బీమా ఈ డబ్బుకు వేరుగా ఉండాలి.

సంతకానికి ముందు అవతలివారిని మూడే మూడు అడగండి. ఏటా మొత్తం ఖర్చు ఎంత శాతం? నేను చేరితే మీకు వచ్చేదెంత? మధ్యలో మానేస్తే నాకు దక్కేదెంత? మూడింటికీ అంకెల్లో, కాగితం మీద జవాబు ఇచ్చినవారి దగ్గరే కట్టండి.